గోడ మీద ఈగ

"ఆ సమయంలో నేనా గోడ మీద ఈగనై ఉంటే ఎంత బాగుండేది!" అంటాడు ఇంగ్లీషువాడు. ఇద్దరు పెద్దమనుషులు తలుపులు మూసుకొని ఏదో మంతనం సాగించారు. లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని మనసు పీకుతున్నది. లోపలికి పోయే అర్హత మాత్రం లేదు. అటువంటి చోట వాడుకునే మాట ఈ 'ఫ్లై ఆన్ ది వాల్'. 1920ల నాటి అమెరికన్ పత్రికల్లోనే ఇది కనిపిస్తుంది. ఎవరి కంటా పడకుండా అంతా చూసి, అంతా విని, రెక్కలు విదిలించుకొని వచ్చేయాలన్న ముచ్చటే తప్ప అందులో మరే దురుద్దేశమూ లేదు. తరువాతి కాలంలో కెమెరా పట్టుకొని మనుషుల మధ్య మౌనంగా నిలబడి, వాళ్ళ నిత్యజీవితాన్ని ఉన్నదున్నట్టు చిత్రించే డాక్యుమెంటరీలకు కూడా ఇదే పేరు పెట్టారు. 1974లో బీబీసీ ప్రసారం చేసిన 'ది ఫ్యామిలీ' అటువంటిది. ఒక మామూలు కుటుంబం ఇంట్లో కెమెరాలు పెట్టి, వాళ్ళ తిండి, తగవులు, పెళ్ళిమాటలు దేశానికంతా చూపించారు. కెమెరా ఎదుట ఉన్న మనిషి కెమెరా లేనట్టుగా ప్రవర్తిస్తాడా అన్న అనుమానం మొదటినుంచీ ఉన్నదే. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం.

నా ఫిర్యాదు అనువాదకుల మీద. ఈ పలుకుబడిని యథాతథంగా 'గోడ మీద ఈగ' అని దించేసి, పని అయిపోయిందనుకోవడం తరచుగా చూస్తున్నాను. మాటకు మాట సరిపోయింది. అర్థం మాత్రం దారిలోనే జారిపోయింది. ఎందుకంటే మన గోడ ఖాళీగా లేదు. దాని మీద ముందే ఒక పిల్లి ఉంది. 'గోడ మీద పిల్లి' అనగానే ఏ పక్షానికి గెలుపు ఉంటే ఆ పక్షానికి దూకడానికి సిద్ధంగా ఉన్న మనిషి తెలుగువాడికి తోస్తాడు. ఎన్నికల రుతువు వస్తే పత్రికలకు ఈ పిల్లి లేకుండా పొద్దుపోదు. ఆ పిల్లి పక్కన ఈగను కూర్చోబెడితే, ఇదీ ఏదో ఫిరాయింపు వ్యవహారమే కాబోలని పాఠకుడు అనుకుంటాడు. పిల్లి కాక బల్లి ఒకటి. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట సత్యమని మన పెద్దవాళ్ళ నమ్మకం. మన గోడ మీద సాక్షి ఉద్యోగం దానిదే. పైగా బల్లి ఉన్న గోడ మీద ఈగ ఎంతసేపు బతుకుతుంది?

ఈగకు కూడా తెలుగులో వేరే బతుకు ఉంది. దుకాణం సాగనివాడు ఈగలు తోలుకుంటాడు. బిడ్డ మీద ఈగ వాలనివ్వని తల్లి ఉంటుంది. ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు తానే మరచిపోయిన ఈగ కథ వినని తెలుగు పిల్లలు ఒకప్పుడు లేరు. ఆ కథను పట్టుకొని పి. సత్యవతి గారు 'ఇల్లలకగానే' అనే కథలో పేరు మరచిన గృహిణిని మన ముందు నిలబెట్టారు. 2012లో వచ్చిన రాజమౌళి చిత్రంలో ఈగ ఒకటి హంతకుడి ఇంట్లో చేరి వాడికి కంటినిండా నిద్ర లేకుండా చేసింది. అదీ పగ తీర్చుకోవడానికి. మన ఈగ పనిచేస్తుంది, విసిగిస్తుంది, పగబడుతుంది, పేరు మరచిపోతుంది. ఊరికే కూర్చొని చూసే తీరిక దానికి లేదు.

మన గోడలకు ఉన్నవి చెవులు. 'గోడలకు చెవులుంటాయి' అన్న మాట ఉర్దూలోనూ ఉంది. పారశీకంలో దీనికొక ముచ్చటైన రూపం ఉంది: గోడలో ఎలుక ఉంటుంది, ఆ ఎలుకకు చెవులుంటాయి అని. ఇవన్నీ వినేవాడి ముచ్చటను కాదు, మాట్లాడేవాడి భయాన్ని చెప్పే మాటలు. ఇంగ్లీషు ఈగ చూసేవాడి పక్షాన పుట్టింది. మన గోడ చెవులు చూడబడేవాడి పక్షాన పుట్టాయి. ఈ తేడా చిన్నది కాదు. చూసేవాడి పక్షాన మాట్లాడాలన్నప్పుడు కూడా తెలుగువాడు తాను ఈగ కావాలనుకోడు, 'ఈ గోడలకే నోరుంటేనా!' అని నిట్టూరుస్తాడు.

చాటునుండి చూసే హాస్యపాత్ర మనకు లేడా అంటే, ఉన్నాడు. 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట మంచం కిందికి దూరిన గిరీశానికి అక్కడ ముందే దూరి ఉన్న రామప్పంతులు తగులుతాడు. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట సంగతి పాఠకులకు గుర్తుచేయనక్కరలేదు. గురజాడవారు గోడ మీది ఈగను తెలుగు చేయవలసి వస్తే 'మంచం కింద గిరీశం' అనేవారేమో! చాటున ఉన్నవాడి మర్యాద ఎంత పలచనిదో ఆ ఒక్క రంగం చాలు చెప్పడానికి. ఈగ ఎగిరిపోతుంది. మంచం కింది మనిషి మాత్రం చీపురు దెబ్బలు తిని గాని బయటికి రాడు.

ఇంతకూ ఇంగ్లీషులో చాటుగా చూసేది ఈగ ఒక్కటే కాదు. ఇంకా ఇద్దరున్నారు. ఒకడు 'పీపింగ్ టామ్'. 11వ శతాబ్దంలో మెర్సియా ప్రభువు లియోఫ్రిక్ భార్య గొడైవా, కోవెంట్రీ ప్రజల మీది పన్ను తగ్గించమని భర్తను వేడుకున్నదట. నగ్నంగా గుర్రమెక్కి ఊరేగితే తగ్గిస్తానన్నాడట ఆయన. ఆమె కేశాలే వస్త్రంగా బయలుదేరింది. ఈ కథను 13వ శతాబ్దంలో రోజర్ ఆఫ్ వెండోవర్ అనే సన్యాసి గ్రంథస్థం చేశాడు. అందులో టామ్ లేడు. 17వ శతాబ్దానికి గాని ఈ టామ్ వచ్చి చేరలేదు. ఊరంతా గౌరవంతో తలుపులు మూసుకుంటే ఒక్కడు మాత్రం సందులోంచి తొంగిచూశాడనీ, వెంటనే గుడ్డివాడయ్యాడనీ తరువాతివాళ్ళు చెప్పుకున్నారు. రెండవవాడు 1949లో జార్జ్ ఆర్వెల్ నవలలో పుట్టిన పెద్దన్న, 'బిగ్ బ్రదర్'. వాడు ఇంటింటి తెరలోంచి చూస్తాడు. వాడి చూపుకు రాజ్యాధికారం తోడు. ఆ పేరుతోనే 1999లో డచ్చివాళ్ళు ఒక టెలివిజన్ ఆట మొదలుపెట్టారు. దాని తెలుగు రూపం 'బిగ్ బాస్' 2017 జులైలో మన ఇళ్ళకు వచ్చింది. నిరంకుశత్వానికి పెట్టిన పేరు రాత్రి భోజనాల వేళ వినోదమైపోయింది.

ఈగది ముచ్చట, టామ్‌ది కామం, పెద్దన్నది అధికారం. మూడింటికీ ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి, ఒకదానికొకటి చుట్టరికం లేదు. మనం మాత్రం మూడింటినీ 'రహస్యంగా చూడటం' అన్న ఒక్క గాటన కట్టేస్తున్నాం. అందువల్ల వచ్చే నష్టం అనువాదానికి మాత్రమే పరిమితమైతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

టామ్ సంగతే చూడండి. కోవెంట్రీ కథలో చూసినవాడి కళ్ళు పోయాయి. మన పురాణంలో అహల్య విషయమై గౌతముడి శాపం తగిలిన ఇంద్రుడికి ఒంటినిండా కళ్ళు వచ్చాయి. శాపం తగిలినప్పుడు అవి కళ్ళు కావు, తరువాత కళ్ళుగా మారాయి అని కథ. సహస్రాక్షుడన్నది చివరికి బిరుదై కూర్చున్నది. ఏ కథ న్యాయమైనదో పాఠకులే తేల్చుకోవచ్చు. నాకు కనిపించేది ఏమంటే, స్త్రీ స్నానం చేస్తుండగా, బట్టలు మార్చుకుంటుండగా తొంగిచూసేవాడికి తెలుగులో ఇప్పటికీ సరైన నామవాచకం లేదు. ఉన్నదల్లా 'చిలిపి' అన్న విశేషణం. దశాబ్దాల పాటు మన సినిమాలు కథానాయకుడి చేత కన్నంలోంచి చూపించి, పక్కనున్న హాస్యనటుడి చేత ఈల వేయించి, దానికి ఆ పేరే పెట్టాయి. ఎవరైనా ఆక్షేపిస్తే గోపికా వస్త్రాపహరణాన్ని అడ్డుపెట్టుకోవడం ఇంకో అలవాటు. బమ్మెర పోతన పుట్టిన జిల్లావాడిగా నాకు ఆ మాట వింటే కష్టంగా ఉంటుంది. భాగవతంలో ఆ ఘట్టం జీవుడికీ దేవుడికీ మధ్య ఆవరణం తొలగడమని వ్యాఖ్యాతలు చెబుతూ వచ్చారు. ఆ వ్యాఖ్యానంతో ఏకీభవించనివాడికి కూడా అది హాస్టలు కిటికీకి వర్తించదని తెలియాలి.

చట్టం మాత్రం దీన్ని చిలిపితనం అనడం మానేసింది. ఢిల్లీ ఘటన తరువాత జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే శిక్షాస్మృతిలో 354సి అనే కొత్త సెక్షను చేరింది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రం తీయడం, ఆ చిత్రాన్ని ఇతరులకు పంచడం నేరాలయ్యాయి. మొదటిసారికి ఒక సంవత్సరం నుంచి మూడు సంవత్సరాలు, మళ్ళీ చేస్తే మూడు నుంచి ఏడు సంవత్సరాలు శిక్ష. చిత్రం తీయించుకోవడానికి ఆమె ఒప్పుకున్నా, దాన్ని పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడు నేరస్థుడే. ఇది చాలా మందికి తెలియదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షను. మన పత్రికలు దీన్ని రాయవలసి వచ్చినప్పుడు 'వోయరిజం' అని ఇంగ్లీషు వాడుకున్న ఫ్రెంచి మాటనే రాస్తాయి. పదో తరగతి చదివిన ఆడపిల్ల తన మీద జరిగిన నేరం పేరు నోరు తిరిగి చెప్పలేకపోతే, ఠాణా మెట్లెక్కి ఏమని ఫిర్యాదు చేస్తుంది? 'చాటుచూపు' అనవచ్చునని నా సూచన. 'ఓరచూపు', 'దొంగచూపు' మనకున్నవే. కాని వాటిని ప్రేమకవిత్వం ముందే కొల్లగొట్టుకు పోయింది. చాటుచూపు ఇంకా ఎవరి సొత్తూ కాలేదు. నచ్చనివారు ఇంతకంటె మంచి మాట చెప్పండి, సంతోషిస్తాను. 'చిలిపి' మాత్రం వద్దు.

ఇక పెద్దన్న. ఇతడికి మన భాషలో మాటల కరువు లేదు. పైగా ఆ మాటలు ఎక్కువగా మా ఓరుగల్లు వైపు నుంచే, అంటే నిజాం రాజ్యపు కచేరీల నుంచే వచ్చాయి. పహరా, తనిఖీ, గస్తీ, నిఘా. 'గస్తీ'కి తిరుగుడు అని అర్థం. నిజాం ప్రభుత్వపు గస్తీ కాగితం అంటే ఆఫీసుల వెంట తిరిగే ఉత్తర్వు. ముందస్తు అనుమతి లేకుండా సభ జరపరాదన్న 1929 నాటి గస్తీ నిషాన్ 53 తెలంగాణలో గ్రంథాలయాలు నడిపినవారినీ, ఆంధ్ర మహాసభవారినీ ఎంత వేపుకు తిన్నదో మాడపాటివారి రాతలు చదివినవారికి తెలుసు. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటి చోట నలుగురు కూర్చొని పత్రిక చదువుకోవడం కూడా ఒక కన్ను వేయదగిన వ్యవహారమైన రోజులవి.

'నిఘా' కథ ఇంకా విచిత్రం. పారశీకంలో 'నిగాహ్' అంటే ఒట్టి చూపు. ఉర్దూ గజలులో అది ప్రేయసి చూపు. కవులు దాని కోసమే ప్రాణాలు విడుస్తుంటారు. ఆ మాటే తెలుగులోకి వచ్చేసరికి మఫ్టీలో ఉన్న జవాను చూపు అయింది. ఒకే మాటకు ఇంతటి పతనమో, ప్రమోషనో మరో భాషలో జరిగిందేమో నాకు తెలియదు. ఈ రెండు చూపులనూ అనుభవించిన కవి మా జిల్లాలోనే ఉన్నాడు. చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజాం వ్యతిరేక పోరాటంలో వరంగల్లు జైల్లో, నిజామాబాదు జైల్లో ఉన్నాడు. నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అదే దాశరథి తరువాత 'గాలిబ్ గీతాలు' తెలుగు చేశాడు. నిఘాలో మగ్గినవాడే నిగాహ్‌ను తెలుగుకు తెచ్చాడు. ఆయన్ను బంధించిన వరంగల్లు జైలు ఇప్పుడు లేదు. ఆసుపత్రి కట్టడం కోసం 2021లో దాన్ని కూల్చివేశారు.

గోడల మాట వచ్చింది గనుక ఇంకొకటి. 1980లలో, 90లలో వరంగల్లు గోడలకు చెవులే కాదు, నోళ్ళూ ఉండేవి. తెల్లవారేసరికి ఎర్రని నినాదాలు కనిపించేవి. రాసినవాడు ఎవరో తెలియదు. రాసినవాణ్ణి చూసినవాడు ఎవరో తెలిస్తే మాత్రం వాడికి ప్రమాదం. ఆ కాలంలో ఈ జిల్లాలో పెరిగినవారికి 'ఇన్‌ఫార్మర్', 'కోవర్టు' అన్న రెండు ఇంగ్లీషు ముక్కలు ఏ తెలుగు మాటకంటె తక్కువ పరిచయం కావు. బడికి పోనివాడికి కూడా అవి తెలుసు. ఒక పల్లెలో ఫలానావాడు పోలీసుల కన్ను అని పుకారు పుడితే, ఒక రాత్రి వాణ్ణి ఇంట్లోంచి పిలుచుకుపోయేవారు. ఫలానావాడు దళానికి అన్నం పెట్టాడని పుకారు పుడితే, ఇంకో రాత్రి ఇంకొకరు వచ్చి పిలుచుకుపోయేవారు. ఇద్దరూ చాలాసార్లు చూసిందీ లేదు, చెప్పిందీ లేదు. ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఈ రెండు హింసల గురించీ రెండు పక్షాలకూ చెప్పింది. ఆ మాటలు విన్నవారు తక్కువ. ఇటువంటి చోట 'నేనా గోడ మీద ఈగనైతే' అని ముచ్చటపడటం ఎవరికి సాధ్యం? వచ్చే పోయే కొత్తముఖం చాయ్ హోటల్లో రెండో చాయ్ చెబితేనే అందరూ మాట తగ్గించిన ఊళ్ళివి. మా ప్రాంతపు తెలుగులో ఆ పలుకుబడి పుట్టకపోవడానికి భాషాశాస్త్రంలో కారణం వెతకనక్కరలేదు.

ఒకరి మీద రాజ్యం కన్నేసి ఉంచడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ఈ దేశంలో మొదట గట్టి జవాబు చెప్పినవాడు తెలుగువాడే. రాజమహేంద్రవరంలో పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద దోపిడి కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారే గాని, పోలీసులు రాత్రివేళ వచ్చి అతని తలుపు కొట్టి నిద్రలేపి ఇంట్లోనే ఉన్నాడో లేదో చూసి పోయేవారు. అతడు సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. అర్ధరాత్రి తలుపు కొట్టడం చెల్లదని మెజారిటీ న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. అయితే చాటుగా అనుసరించి కదలికలు రాసుకోవడంలో తప్పులేదనీ, ఏకాంతం అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ అన్నారు. సుబ్బారావు గారు జస్టిస్ షాతో కలిసి విడిగా తీర్పు రాశారు. తన మీద కన్ను ఉన్నదని తెలిసినవాడు ఎక్కడికి పోయినా స్వేచ్ఛగా పోయినట్టు కాదనీ, వ్యక్తిస్వేచ్ఛలో ఏకాంతం ఒక భాగమేననీ ఆయన వాదం. సంకెల కంటికి కనిపించకపోయినా సంకెలే అన్నది దాని సారాంశం. అది అల్పసంఖ్యాక తీర్పుగానే మిగిలింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆయన పక్షాన నిలిచేసరికి 54 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ పెద్దమనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనిపించదో నాకు అర్థం కాదు. బహుశా న్యాయమూర్తులు పద్యాలు రాయరు గనుక కాబోలు.

పుట్టస్వామి తీర్పు ఒకరి ఏకాంతంలోకి రాజ్యం తొంగిచూడాలంటే మూడు సంగతులు ఉండాలన్నది. దానికో చట్టం ఉండాలి. న్యాయమైన అవసరం ఉండాలి. చూసే చూపు ఆ అవసరాన్ని మించకూడదు. ఇది చదివినప్పుడు నాకు సుందరకాండ గుర్తుకు వచ్చింది. మన సాహిత్యంలో అసలైన గోడ మీది ఈగ హనుమంతుడే గదా! పిల్లి అంత చిన్నవాడై లంకలో దూరాడు. రావణుడి అంతఃపురంలో ఒళ్ళు మరచి నిద్రపోతున్న స్త్రీలను ఒక్కొక్కరినే చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు. పరస్త్రీలు నిద్రిస్తుండగా చూశానే, నా ధర్మం లోపించిందే అని కుంగిపోయాడు. తరువాత తనకు తానే జవాబు చెప్పుకున్నాడు. సీతను వెతకడానికి వచ్చాను, స్త్రీని స్త్రీలలో కాక లేళ్ళలో వెతకలేను గదా అన్నాడు. చూశాను గాని నా మనసు చలించలేదు అన్నాడు. చూపుకు ఒక నిర్దిష్టమైన పని ఉన్నది, పని అయ్యాక అది ఆగిపోయింది, మధ్యలో రుచి మరగలేదు. వాల్మీకి కథలో ఈ తర్జనభర్జన లేకపోయినా కథ నడిచేది. అయినా ఆ మహాకవి తన గూఢచారిని ఒక్క క్షణం నిలబెట్టి సంజాయిషీ అడిగాడు. ఎవరూ చూడకుండా చూసినవాడు తనను తాను ప్రశ్నించుకోవడం మరే గూఢచారి కథలోనూ నేను చదవలేదు.

మన కాలపు గూఢచారులను ఆ సంజాయిషీ ఎవరు అడగాలి? 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట ఠాణాలో ఫోన్ల ట్యాపింగ్ మీద కేసు నమోదైంది. నిందితుల్లో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేసిన అధికారులున్నారు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడిన ఆ విభాగపు యంత్రాంగంతో రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నారన్నది ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. నేను చెప్పదలచింది వేరు. మా అడవుల పేరు చెప్పి తయారైన చెవి పట్నంలో ఎవరి గోడకైనా అంటుకోవచ్చునన్న అనుమానమే సామాన్యుడిని వాట్సాప్ కాల్ చేసుకొమ్మని పురమాయించేదాకా తెచ్చింది. 'ఫోన్లో వద్దు, కలిసినప్పుడు మాట్లాడుకుందాం' అన్నది ఇప్పుడు తెలుగు జాతీయాల్లో చేర్చవలసిన వాక్యం.

ఇక వీధి కెమెరాలు. 2013లో ఉమ్మడి రాష్ట్రం ప్రజాభద్రత చట్టం తెచ్చింది. జనం పెద్దసంఖ్యలో వచ్చే దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలన్నది. పత్రికలు వీటికి 'నిఘా నేత్రం' అనీ, ఇంకా ముచ్చటపడి 'మూడో కన్ను' అనీ పేరు పెట్టాయి. మూడో కన్ను తెరిస్తే మన్మథుడు బూడిదయ్యాడని రాసినవారికి గుర్తున్నట్టు లేదు. శివుడు కూడా దాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతాడు. ఈ కన్ను మూత పడేది కరెంటు పోయినప్పుడే. దొంగలు పట్టుబడుతున్నారు గదా అంటారు. పట్టుబడుతున్నారు, కాదనను. వీధిలో నడిచేవాణ్ణి వీధిలో చూస్తే తప్పేమిటని కూడా అంటారు. దీనికి జవాబు ఓరుగల్లు వీధుల్లోనే ఉంది. 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు అంతా ఒక రోజున తిరిగి చూస్తారు. పూటకూటి ఇల్లు, కోడిపందెం, ఏకవీర గుడి, మాచల్దేవి చిత్రశాల, ఏదీ విడిచిపెట్టరు. స్త్రీలను చూసిన చూపుల్లో మర్యాద మీరినవీ ఉన్నాయి. అయినా అది చాటుచూపు కాదు. చూసేవాళ్ళు కూడా వీధిలోనే ఉన్నారు. వాళ్ళను ఎవరైనా తిరిగి చూడవచ్చు, కసరవచ్చు. ఆ చూపులను ఎవరూ జమకట్టలేదు, ఏ ఇంటివాడు ఏ ఇంటికి ఎన్నిసార్లు పోయాడో లెక్క కట్టలేదు. స్తంభం మీది కెమెరాను మనం తిరిగి చూడగలం గాని, దాని వెనుక కూర్చున్నవాణ్ణి చూడలేం. అది మరచిపోదు కూడా.

అయితే చూపులన్నిటిలోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది రాజ్యం చూపు కాదు, ఇంట్లోవాళ్ళ చూపు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. భర్త, భార్యకు తెలియకుండా ఆమె ఫోను సంభాషణలు రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా చూపాడు. అది ఆమె ఏకాంతాన్ని భంగపరచడమేననీ, సాక్ష్యంగా చెల్లదనీ హైకోర్టు చెప్పింది. 2025 జులై 14న సుప్రీంకోర్టు వేరొక కేసులో, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన తమ మధ్య సంభాషణను వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా స్వీకరించవచ్చునని తీర్పు చెప్పింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే స్థితికి వచ్చిన కాపురం అప్పటికే విరిగిపోయినట్టేనన్నది ధర్మాసనం తర్కం. న్యాయదృష్టిలో అందులో బలం లేకపోలేదు. నాలుగు గోడల మధ్య దెబ్బలు తినే ఆడదానికి ఆ ఫోనే ఏకైక సాక్షి కావచ్చు. అదే ఫోను ఆమె తల్లితో చెప్పుకున్న ప్రతి మాటనూ భర్తకు చేరవేసే వేగు కూడా కావచ్చు. ఈ రెండింటిలో ఏది ఎక్కువగా జరుగుతుందన్నది కోర్టు బయట తేలవలసిన సంగతి. మొగుడూ పెళ్ళాల ఫోన్లు ఎవరి చేతిలో ఉంటాయో, తాళంమాట ఎవరికి తెలిసి ఉంటుందో మన ఇళ్ళు చూసినవారికి తెలుసు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట మీద నా అభ్యంతరం. 2017 తీర్పు తరువాత పత్రికలు 'వ్యక్తిగత గోప్యత' అన్న మాటను స్థిరపరచాయి. గోప్యత అంటే దాచడం. దాచేవాడి దగ్గర ఏదో ఉన్నదన్న అనుమానం ఆ మాటలోనే ఉంది. 'తప్పు చేయనివాడికి భయమెందుకు' అన్న వాదం దాని మీదనే నిలబడుతుంది. మన పల్లెల్లో అంతకంటె మంచి మాట ఉంది, గుట్టు. 'గుట్టుగా బతుకుతున్నారు' అంటే తప్పు దాచుకుంటున్నారని ఎవరూ అనుకోరు. మర్యాదగా, పరుల నోట పడకుండా, ఉన్నదాంట్లో సర్దుకొని కాపురం చేసుకుంటున్నారని అర్థం. గుట్టు పేదవాడికీ ఉంటుంది, దాచుకోవడానికి ఏమీ లేనివాడికి మరీ ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో బియ్యం లేవన్న సంగతి పొరుగువారికి తెలియకుండా పొయ్యి మీద ఎసరు పెట్టిన ఇల్లాలి హక్కు అది. ఆ హక్కుకు దినపత్రికల్లో పట్టిన గతి చూడండి. 'గుట్టు' అన్న మాట వచ్చిందంటే పక్కన 'రట్టు' రాక తప్పదు. ముఠా గుట్టు రట్టు, కల్తీ వ్యాపారం గుట్టు రట్టు, పేకాట స్థావరం గుట్టు రట్టు. ప్రాస కుదిరిందన్న ఒక్క సంబరంతో ఉపసంపాదకులు ఒక గౌరవమైన మాటను దొంగల సొమ్ముల జాబితాలోకి ఎక్కించారు. ఇప్పుడు 'గుట్టు నా హక్కు' అని ఎవరైనా కోర్టులో అంటే నవ్వుతారేమోనని భయం.

అనువాదకులకు మాత్రం ఒక మనవి. 'ఫ్లై ఆన్ ది వాల్' ఎదురైనప్పుడు గోడనూ ఈగనూ రెండింటినీ వదిలేయండి. 'చాటున ఉండి ఆ మాటలు వింటే ఎంత బాగుండేది' అంటే చాలు. ఆ డాక్యుమెంటరీలను 'కలగజేసుకోకుండా తీసిన చిత్రాలు' అనవచ్చు. టామ్‌ను చాటుచూపులవాడనండి. పెద్దన్నకు మన దగ్గర నిఘా ఉండనే ఉంది, దాన్ని మళ్ళీ గజలులోకి పంపే ఓపిక ఎవరికైనా ఉంటే వేరే సంగతి.